బాత్‌రూమ్ పగలగొట్టించుకున్నవారే ధన్యులు

బాత్‌రూమ్ సవ్యంగా పనిచేసే ఇంట్లో మనుషులు ఎదగరు. ఈ మాట నేనేదో నోటికొచ్చినట్టు అనడం లేదు. ఐదు నెలల పదకొండు రోజులు బాత్‌రూమ్ లేకుండా బతికి, బట్టకట్టి బయటపడ్డ మనిషిగా అంటున్నాను.

మీ ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్ళొస్తున్నాయా? తలుపు వేస్తే పడుతోందా? పోసిన నీళ్ళు జాలీలోకి వెళ్ళిపోతున్నాయా? అయితే మిమ్మల్ని చూస్తే నాకు జాలేస్తోంది. మీకు ఓర్పు ఎలా అలవడుతుంది? ఇరుగుపొరుగుతో ఎలా కలుస్తారు? మీ ఆయన ఎన్ని చెంబుల నీళ్ళతో స్నానం ముగించగలడో మీకు ఈ జన్మకి తెలుస్తుందా? ఏమీ తెలుసుకోకుండా, రోజూ హాయిగా స్నానం చేస్తూ, బంగారంలాంటి జీవితాన్ని వృథా చేసుకుంటున్నారు!

మా ఇంట్లోనూ ఒకప్పుడు అదే దుస్థితి. పాతికేళ్ళ నాటి బాత్‌రూమ్. తెల్ల టైల్సు, రెండు కుళాయిలు, ఒక షవరు, బకెట్టు, మగ్గు. అన్నీ పనిచేసేవి. ఒక్కటే లోపం, పట్టుకోడానికి ఏమీ ఉండేది కాదు. ఆ లోపాన్ని మా అత్తయ్యగారు కనిపెట్టారు, కిందపడి.

తుంటి ఎముక విరిగింది. లోపల ప్లేటు వేశారు. మూడు నెలలకి కర్ర పట్టుకుని నడిచారు, ఆరు నెలలకి ఆ కర్రనీ మూలన పెట్టేశారు. కానీ తడి నేల మీద పట్టు లేకుండా నిలబడకూడదని డాక్టరు గట్టిగా చెప్పడంతో స్నానం మాత్రం నేనే చేయించేదాన్ని. మా అత్తయ్యగారంటే ముప్పై రెండేళ్ళు పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చుని, వరసలో అడ్డం వచ్చినవాళ్ళని కంటిచూపుతో వెనక్కి పంపిన మనిషి. అలాంటావిడ స్టూలు మీద కూర్చుని, మొహం గోడవైపు తిప్పుకుని, నేను నీళ్ళు పోస్తున్నంతసేపూ పెదవి విప్పేవారు కారు. ఆ మౌనం భరించలేక నేను పక్కింటి పిల్లి గురించి, ఎదురింటావిడ కొత్త చెప్పుల గురించి ఏదో ఒకటి వాగుతూ ఉండేదాన్ని.

ఒక ఆదివారం ఆవిడ నన్నూ మావారినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. టెలిగ్రాములు రాయించి రాయించి మాట పొదుపు అలవాటైపోయింది కాబోలు, మూడే ముక్కలు చెప్పారు.

“నా స్నానం నేను చేసుకోవాలి. గోడకి ఒక కడ్డీ పెట్టించండి. లోపల గడియ పెట్టుకుంటాను.”

అంతే ఆవిడ కోరిక. పట్టుకోడానికి ఒక కడ్డీ, పెట్టుకోడానికి ఒక గడియ. స్టీలు కడ్డీ వీధి చివర హార్డ్‌వేరు షాపులో దొరుకుతుంది. డ్రిల్లింగ్ మిషను ఉన్న మనిషి వస్తే అరగంట పని. కానీ అరగంటలో అయిపోయే పనుల వల్ల ఏ కుటుంబమైనా బాగుపడిందా? మీరే చెప్పండి!

అదృష్టం బాగుండి, వచ్చిన ప్లంబరు తెలివైనవాడు. కడ్డీ చేతికిస్తే పక్కన పెట్టాడు. వేళ్ళ కణుపులతో టైలు మీద కొట్టాడు, గోడకి చెవి ఆనించాడు, కళ్ళు మూసుకున్నాడు. ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికొచ్చినట్టు మేమంతా ఊపిరి బిగబట్టాం. లోపల డొల్లగా ఉందన్నాడు. కడ్డీ బిగిస్తే టైలు ఊడుతుందట. టైలు మారుద్దామంటే ఆ రంగు ఇప్పుడు రావడం లేదట, కాబట్టి గోడంతా మార్చాలట. గోడ తీశాక లోపల పాత పైపులు చూస్తూ చూస్తూ ఎలా వదిలేస్తాం? పైపులు తీస్తే నేల తవ్వాలి, నేల తవ్వితే కమోడు లేపాలి. అతను మాట్లాడ్డం ముగించేసరికి మా బాత్‌రూమ్‌లో పనికొచ్చేది ఒక్క బల్బు మాత్రమే మిగిలింది. తనకి తెలిసిన కాంట్రాక్టరు ఒకాయన ఉన్నారని, చాలా నమ్మకస్తుడని కూడా అతనే చెప్పాడు.

కాంట్రాక్టరుగారంటే నాకు ఇప్పటికీ గౌరవమే. ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన గొంతు, చంకలో కేటలాగు. పది రోజుల పని అన్నారు. ఆయన మీద మీరు నోరు పారేసుకునే ముందు ఒక్క మాట వినండి, ఆయన అబద్ధమాడలేదు. మా ఇంట్లో పని జరిగిన రోజులు వేళ్ళ మీద లెక్కపెడితే సరిగ్గా పదే వచ్చాయి. మిగిలిన ఐదు నెలలూ ఆయన దారిలో ఉన్నారు. ఎప్పుడు ఫోన్ చేసినా దారిలోనే ఉన్నారు. అంత దూరం నుంచి మన కోసం వస్తున్న మనిషిని కోప్పడడానికి మనసెలా ఒప్పుతుంది?

ఆ కేటలాగు గురించి చెప్పాలి. ఇప్పుడంతా వింటేజ్ మేడమ్, అంటూ దాన్ని ఆయన నా ఒళ్ళో పెట్టారు. వింటేజ్ అంటే కొత్త వస్తువుని కష్టపడి పాతదానిలా తయారుచెయ్యడం. అసలు పాతవైతే మన ఇంట్లోనే ఉన్నాయిగా, వాటిని తీసేసి ఇవెందుకు అన్నారు మావారు. ఆయనకి మొదట్నుంచీ కళాదృష్టి తక్కువ. నేను పేజీలు తిప్పుతూ పోయాను. కిలుము పట్టినట్టు కనిపించే ఇత్తడి కుళాయిలు! గొలుసు పట్టి లాగితే పైనుంచి దూకే ఫ్లష్! చదరంగం బల్లలా నలుపూ తెలుపూ నేల! నాలుగు సింహం పాదాల మీద నిలబడ్డ తెల్లటి టబ్బు! ఆ టబ్బున్న పేజీ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. దాని పక్కన ఒక పువ్వుల కూజా, ఒక పుస్తకం, సగం మూసిన కర్టెన్. ఆ బొమ్మలో బకెట్టు లేదు. మగ్గు లేదు. మనిషి కూడా లేదు.

గొలుసు ఫ్లష్ చూసి అత్తయ్యగారు గుర్తుచేసుకున్నారు. వాళ్ళ చిన్నతనంలో క్వార్టర్సులో ఇలాంటిదే ఉండేదట. అది తీసేసి మీట నొక్కే ఫ్లష్ పెట్టిన రోజున ఇంటిల్లిపాదీ సంబరపడ్డారట. నేను పాపం అనుకున్నాను. ఎంత గొప్ప వస్తువుని పోగొట్టుకున్నారో వాళ్ళకి తెలియలేదు.

కడ్డీ సంగతి నేను మర్చిపోలేదు సుమండీ. అడిగాను. కాంట్రాక్టరుగారు మా స్టీలు కడ్డీని చూసి, చచ్చిన ఎలుకని చూసినట్టు మొహం పెట్టారు.

“ఇది పెడితే ఆసుపత్రి లుక్ వచ్చేస్తుంది మేడమ్. అదే కాలం నాటి డిజైన్‌లో ఇత్తడిది తెప్పిద్దాం.”

నేను తలూపాను. అత్తయ్యగారు పేపరు కిందికి దించి ఒకసారి నా వంక చూశారు. మళ్ళీ పేపరు పైకెత్తుకున్నారు.

మర్నాడే పగలగొట్టారు. చూడండి, పగలగొట్టడంలో మనవాళ్ళకున్న సమయపాలన! పొద్దున్న ఎనిమిదన్నారు, ఏడున్నరకే వచ్చారు. మధ్యాహ్నానికల్లా మా బాత్‌రూమ్ నాలుగు ఇటుక గోడలూ ఒక గొయ్యీ. ఆ తర్వాత మూడు వారాలు ఎవరూ రాలేదు. ఆ గొయ్యిని చూస్తూ నేను, నాది అనుకున్నదేదీ నాది కాదనీ, ఉన్నదంతా ఒక్క పూటలో ఊడ్చుకుపోతుందనీ తెలుసుకున్నాను. ఇదే జ్ఞానం కోసం జనం ఇల్లూ వాకిలీ వదిలి ఎక్కడెక్కడికో పోతున్నారు. నాకు ఇంట్లో కూర్చోబెట్టి ఇచ్చారు.

ఇంట్లో విడిగా చిన్న టాయిలెట్ ఒకటి ఉంది కాబట్టి బతికిపోయాం. స్నానాలకే దారి లేదు. మావారు భుజాన తువ్వాలు వేసుకుని ఎదురింటికి వెళ్ళడం మొదలుపెట్టారు. పదేళ్ళుగా లిఫ్టులో చూసి తలాడించుకోవడమే తప్ప వాళ్ళతో మాకు మాటల్లేవు. ఇప్పుడు మావారి సబ్బు ఏ రకమో వాళ్ళకి తెలుసు, వాళ్ళ గీజరు ఎన్ని నిమిషాలకి వేడెక్కుతుందో మాకు తెలుసు. రెండో నెల గడిచేసరికి ఎదురింటావిడ తలుపు తీస్తూనే, పని ఎంతవరకూ వచ్చిందండీ, అని ఎంతో ఆత్మీయంగా అడిగేది. నాలుగో నెలకి ఆత్మీయత ఇంకా పెరిగి, పళ్ళు బిగించి అడిగేది.

నేనూ అత్తయ్యగారూ వంటింటి వెనక వాషింగ్ మెషిన్ ఉండే చోటికి మారాం. ఒక తలుపు, ఒక ఊచల కిటికీ, ఇద్దరు మనుషులు నిలబడితే మూడో మనిషి ఊపిరి పీల్చలేని చోటు. మెషిను పక్కకి జరిపి ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశాం. రాజభోగం!

ఇక పనివాళ్ళ దగ్గర నేను నేర్చుకున్న వినయం మాటల్లో చెప్పలేను. టైల్స్ మేస్త్రీ వచ్చాడు, నేల చూశాడు, నడుం మీద చెయ్యి వేసుకుని, ఎవరు చేశారమ్మా ఈ పని, అన్నాడు. ప్లంబరు వచ్చాడు, మేస్త్రీ వేసిన టైల్సు చూసి అదే మాట అన్నాడు. ఎలక్ట్రీషియన్ వచ్చి ఇద్దరి పనీ కలిపి చూసి అదే అన్నాడు. జాలీని తలుపు మూలన పెట్టింది ప్లంబరు, నేల వాటం కిటికీ వైపు ఇచ్చింది మేస్త్రీ. దాంతో పోసిన నీళ్ళు ఎటు పోవాలో తేల్చుకోలేక గది మధ్యలో నిలబడిపోయేవి. నేల మళ్ళీ తవ్వారు. మళ్ళీ వేశారు. నెల తర్వాత గోడలో ఒక చోట చెమ్మ కనిపిస్తే ప్లంబరు పైపు బయటికి లాగి, ఆ అతుకు చూసి, చీదరగా మొహం పెట్టాడు.

“ఎవరు చేశారమ్మా ఈ పని?”

“మీరే” అన్నాను.

అతను అతుకుని ఇంకోసారి తిప్పి చూశాడు.

“అందుకే ఈమాత్రమైనా ఆగింది” అన్నాడు.

ఆత్మవిశ్వాసమంటే అదీ! దాని మీద పుస్తకాలు కొనుక్కుని చదివే బదులు మీరొక గోడ పగలగొట్టించుకోండి.

ఈలోగా టబ్బు వచ్చింది. బాత్‌రూమ్ గుమ్మంలోంచి పట్టలేదు. గుమ్మం కొలిచింది కాంట్రాక్టరుగారే, టబ్బు కొలిచిందీ ఆయనే. కాకపోతే ఒకటి అంగుళాల్లో కొలిచి, ఇంకొకటి గుర్తున్నంతలో కొలిచారు. గుమ్మం పగలగొట్టడానికి మనిషి దొరికేదాకా మూడు వారాలు అది మా హాల్లో సోఫా పక్కన, సింహం పాదాల మీద నిలబడే ఉంది. మావారు అందులో రెండు దిళ్ళు వేసుకుని కూర్చుని ఆఫీసు పని చేసుకున్నారు. అత్తయ్యగారు ఒకసారి దాని అంచు పక్కన నిలబడి చూశారు. అంచు ఆవిడ మోకాలి కంటే జానెడు పైన ఉంది. కాలు అంత ఎత్తు లేవదని చెప్పడానికి ఆవిడ కాలెత్తి చూపించలేదు. నేనూ అడగలేదు.

కుళాయిల గొడవ అత్తయ్యగారి చేతి మీదుగానే జరిగింది. కిలుము ఫినిషింగ్ ఉన్న ఇత్తడి కుళాయిల కోసం రెండు నెలలు కాచుకున్నాం. బిగించి వెళ్ళారు. ఇంట్లో అందరూ ఇంత కష్టపడుతుంటే తనేమీ చెయ్యడం లేదనిపించింది కాబోలు, ఆవిడ ఒక మధ్యాహ్నం స్టూలు వేయించుకుని, రెండు నిమ్మచెక్కలు, గుప్పెడు ఉప్పు పెట్టుకుని, ఆ కుళాయిలన్నీ తోమేశారు. నేను వచ్చి చూసేసరికి తళతళలాడుతున్నాయి. రెండు నెలలు కాచుకున్న కిలుమంతా మురికినీళ్ళై జాలీలోకి వెళ్ళిపోయింది. కాంట్రాక్టరుగారు చూసి గోడకి జారగిలబడ్డారు. ఆయన నిజంగా బాధపడడం నేను చూసింది ఆ ఒక్కసారే. మర్నాడు ఒక ఫినిషింగ్ నిపుణుణ్ణి పంపించారు. అతను చిన్న బ్రష్షుతో, ఏదో మందుతో, రోజంతా కూర్చుని కుళాయిలకి మళ్ళీ కిలుము పట్టించాడు.

“మురికి పట్టించడానికి మనిషిని పెట్టారా?” అన్నారు అత్తయ్యగారు. ఎగతాళిగా కాదు, తెలుసుకుందామనే అడిగారు. నేను చెప్పిన జవాబు ఏమిటో ఇప్పుడు గుర్తులేదు కానీ, అందులో లుక్ అనే మాట నాలుగు సార్లు వచ్చింది.

మరి కడ్డీ? వస్తోంది. ప్రతి వారం అడిగేదాన్ని, ప్రతి వారం వస్తోంది. ఒకసారి గోడౌన్లో ఉంది, ఒకసారి పాలిష్‌లో ఉంది, ఒకసారి పొరపాటున వేరేవాళ్ళింటికి వెళ్ళింది. అది వచ్చాక అన్నీ సర్దుకుంటాయని నేను అత్తయ్యగారికి చెప్పేదాన్ని. ఆవిడ సరేననేవారు. ఐదో నెలాఖరుకి నిజంగానే వచ్చింది. రెండు కొసలా విచ్చిన పువ్వులు, మధ్యలో మెలి తిరిగిన తీగ. చూడ్డానికి రెండు కళ్ళూ చాలలేదు. ప్లంబరు బిగించాడు. కాంట్రాక్టరుగారు దాన్ని జేబురుమాలుతో తుడిచి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, అప్పుడు చెప్పారు.

“దీని మీద మాత్రం బరువు వెయ్యకండి మేడమ్. చూడ్డానికే. గట్టిగా పట్టుకుంటే గోడలోంచి వచ్చేస్తుంది.”

బాత్‌రూమ్ పూర్తయింది. మీరు చూసి తీరాలి. ఎదురింటావిడ వచ్చి ఐదు నిమిషాలపాటు ఫ్లష్ గొలుసు లాగి లాగి చూసింది. చుట్టాలు వచ్చి టబ్బు పక్కన నిలబడి ఫోటోలు దిగారు. మావారు ఇప్పుడు స్నానం మా ఇంట్లోనే చేస్తున్నారు, టబ్బు బయట నిలబడి, బకెట్టుతో. అత్తయ్యగారు కూడా గుమ్మం దాటి లోపలికి వచ్చారు. కడ్డీ మీద చెయ్యి వేశారు. అది కదిలింది. చెయ్యి మెల్లగా తీసేశారు.

“బాగుంది” అన్నారు.

తర్వాత తువ్వాలు భుజాన వేసుకుని వంటింటి వెనక్కి నడిచారు. నేను అలవాటుగా వెనకే వెళ్ళాను. నా మొహం మీదే తలుపు పడింది. లోపల గడియ పడ్డ చప్పుడు వినిపించింది.

నేను కంగారుపడి తలుపు కొట్టాను. జారిపడతారు అత్తయ్యా, అన్నాను. కిటికీ ఊచలున్నాయిగా, రెండు నెలలుగా అవి పట్టుకునే చేస్తున్నాను, అన్న జవాబు లోపల్నుంచి వచ్చింది. అప్పుడు కూర్చుని ఆలోచిస్తే ఒక్కొక్కటీ తెలిసొచ్చింది. నేను కాంట్రాక్టరుగారితో ఫోన్లో వాదించే పొద్దుటి పూటల్లో ఆవిడ, నువ్వు మాట్లాడుకో అమ్మాయ్, తర్వాత పిలుస్తాలే, అనేవారు. ఫోన్ పెట్టేసేసరికి తల దువ్వుకుంటూ కనిపించేవారు. స్నానం ఎవరు చేయించారని నేను ఒక్క రోజూ అడగలేదు. ఒక పని తప్పిందని ఊరుకున్నాను. ఇనప ఊచలు, అవి ఏ కాలం నాటి డిజైనో ఎవరికీ తెలియదు. బలంగా పట్టుకుంటే ఊడి రావు.

ఇంతసేపూ మీరు కాంట్రాక్టరుగారిని తిట్టుకుంటూ ఉంటారు. వద్దు. ఆయన నా ఒళ్ళో కేటలాగు పెట్టారు, అంతే. పేజీ తిప్పిన చెయ్యి నాది. అరగంటలో అయ్యే పనిని ఐదు నెలలు చేసింది నేను. ఒక మనిషి తన ఒళ్ళు తాను కడుక్కుంటానంటే, ఆ కోరిక నా టబ్బు అందాన్ని చెడగొడుతుందని దాన్ని ఇత్తడి పువ్వులకి అప్పగించింది నేనే.

ఇలా బుద్ధి వచ్చిందని చెప్పి ముగించాలని నాకూ ఉంది. కానీ కిందటి వారం కాంట్రాక్టరుగారు తన కొత్త కేటలాగు కోసం మా బాత్‌రూమ్ ఫోటోలు తీసుకోడానికి వచ్చారు. వెళుతూ వెళుతూ వంటింట్లోంచి మూసి ఉన్న ఆ వెనక గది తలుపు చూశారు. ఇంత అందమైన ఇంట్లో ఇదొక్కటే మచ్చ అన్నారు. టేపు తీసి గుమ్మం కొలిచారు. ఆ కిటికీ ఊచలు పీకేసి, పాత బంగళాల్లో ఉండేలాంటి రంగుటద్దం పెడితే ఎండ పడి నేలంతా రంగులు పరుచుకుంటాయన్నారు. ఆయన చెబుతుంటే ఆ రంగులు నాకు నిజంగా కనిపించాయి.

“ఏయే రంగులున్నాయి?” అని అడిగాను.

తలుపు వెనక నీళ్ళ చప్పుడు ఆగింది.

“లోపల మనిషుంది,” అన్నారు అత్తయ్యగారు. “మీ ఇద్దరికీ చెబుతున్నాను.”

కాసేపటికి నీళ్ళ చప్పుడు మళ్ళీ మొదలైంది.